ఏసీ వేస్తే లారీ ఇంజిన్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోందా? లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

ఏసీ బటన్ నొక్కిన కాసేపటికి ఇంజిన్ ఫ్యాన్ హోరుమని అందుకుంటుంది. ఇక ఆగదు. ఎత్తు మీద బండి లాగదు, డీజిల్ లెక్క తేడా వస్తుంది, క్యాబిన్‌లో మాట వినపడదు. షెడ్డుకు తీసుకెళితే చాలాచోట్ల ముందు ఫ్యాన్ క్లచ్ (ఫ్యాన్‌ను ఇంజిన్‌తో కలిపే, విడదీసే భాగం) మార్చేస్తారు. వేలకు వేలు పోశాక కూడా అదే హోరు ఉంటే అప్పుడు ఏసీ గ్యాస్ చూస్తారు, ఆ తర్వాత వైరింగ్, అన్నిటికన్నా ఆఖర్న కండెన్సర్ మీది దుమ్ము. నిజానికి చూడాల్సిన వరుస వేరు: దుమ్ము ముందు, క్లచ్ ఆఖర్న.

ఈ పనిలో వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఫ్యాన్‌ని తిప్పమని ఎవరు అడుగుతున్నారు? ఏసీ ప్రెషర్ అడుగుతోందా, కూలెంట్ వేడి అడుగుతోందా, ఇంకో సెన్సారా, లేక ఎవరూ అడగకుండానే క్లచ్ పట్టేసుకుందా? దీనికి జవాబు దొరికేదాకా ఒక్క పార్టు కూడా కొనకండి.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల సరుకు వాహనాలకు, అంటే మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన వాటికి, క్యాబిన్ ఏసీ తప్పనిసరి అయింది. కాబట్టి ఇకమీదట ఈ ఫిర్యాదు ప్రతి షెడ్డుకూ వస్తుంది.

ఏసీకి, ఇంజిన్ ఫ్యాన్‌కు లంకె ఎక్కడ

ముందు గ్రిల్ వెనకే కండెన్సర్, దాని వెనక ఇంటర్‌కూలర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని చల్లబరిచేది), ఆ వెనక రేడియేటర్, చివర్న ఫ్యాన్. చాలా బండ్లలో వరుస ఇదే. క్యాబిన్‌లోంచి లాగిన వేడినంతా గ్యాస్ కండెన్సర్ దగ్గర వదిలేయాలి. బండి గంటకు 50, 60 కిలోమీటర్ల మీద పోతుంటే ఎదురుగాలే ఆ పని చేస్తుంది. టోల్ గేటు దగ్గరో, లోడింగ్ పాయింట్‌లోనో నిలబడితే గాలి లాగేది ఫ్యాన్ ఒక్కటే. అది తిరగకపోతే హై సైడ్ (కంప్రెసర్ నుంచి కండెన్సర్ వైపు వెళ్ళే, ఒత్తిడి ఎక్కువుండే భాగం) ప్రెషర్ పెరుగుతూ పోతుంది. అందుకే హై సైడ్ పైపు మీద ఒక ప్రెషర్ స్విచ్ గానీ సెన్సార్ గానీ పెట్టి, ప్రెషర్ ఒక హద్దు దాటగానే ఫ్యాన్ తిరిగేలా చేస్తారు.

ఆ హద్దు బండిని బట్టి మారుతుంది. ఆర్-134ఏ గ్యాస్ వాడే మూడు పాయింట్ల స్విచ్‌లలో ఎక్కువగా కనపడే అంకెలు ఇవి: సుమారు 2 బార్ కంటే తగ్గితే కంప్రెసర్ కట్, 15 నుంచి 18 బార్ మధ్య ఫ్యాన్ ఆన్, 31 బార్ దగ్గర మళ్ళీ కంప్రెసర్ కట్. మీ బండి అసలు అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, పరీక్షకు దాన్నే పట్టుకోండి.

పని మొదలుపెట్టే ముందు

హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. క్యాబిన్ పైకి లేపితే లాక్ పడిందో లేదో చేత్తో ఊపి చూడండి. మెడలో తువ్వాలు, వదులు చొక్కా, చేతికి దారాలు ఉంటే తీసి పక్కన పెట్టండి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బండిలో ఇంజిన్ ఆగి ఉన్నా ఫ్యాన్ ఒక్కసారిగా అందుకోవచ్చు. రెక్కల దగ్గర చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ ఐసోలేటర్ (మెయిన్ స్విచ్) తీసేయండి. గేజ్ పైపులు తగిలించేటప్పుడు కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకోవాలి. ద్రవరూపంలో చిమ్మిన గ్యాస్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

కావాల్సిన సామాను: మల్టీమీటర్, ఏసీ గేజ్ సెట్, థర్మామీటర్, ఇన్‌ఫ్రారెడ్ గన్, సబ్బునీళ్ళు, టార్చి, బండికి సరిపడే స్కానర్. స్కానర్ లేకపోయినా పని జరుగుతుంది, కాకపోతే దారి కాస్త పొడుగవుతుంది.

1. మీ బండిలో ఉన్నది ఏ రకం ఫ్యాన్?

దీని మీదే మిగతా పరీక్షలన్నీ ఆధారపడతాయి, కాబట్టి టార్చి వేసి చూడండి.

ఫ్యాన్ నేరుగా పుల్లీకి బిగించి ఉంటే అది ఇంజిన్ తిరిగినంతసేపూ తిరుగుతుంది. ఏసీతో సంబంధం లేదు, వెతకాల్సిన లోపమూ లేదు.

హబ్ మధ్యలో గుండ్రటి అల్యూమినియం డబ్బా, దాని ముఖం మీద చిన్న చుట్ట స్ప్రింగ్ లేదా పట్టీ, వైరు మాత్రం లేకపోతే అది మామూలు విస్కస్ క్లచ్. లోపల సిలికాన్ ఆయిల్ ఉంటుంది. రేడియేటర్ దాటి వచ్చిన గాలి వేడిని ఆ స్ప్రింగ్ పసిగట్టి క్లచ్‌ను పట్టిస్తుంది. ఏసీకి, దీనికి మధ్య ఏ వైరూ లేదు. అయినా ఏసీ వేస్తే కండెన్సర్ వేడి కూడా గాలిలో కలుస్తుంది కాబట్టి క్లచ్ మామూలు కంటే తొందరగా అందుకుంటుంది. ఈ రకం బండిలో రిలేలు, స్విచ్‌లు వెతుకుతూ కూర్చుంటే రోజు పోతుంది.

అదే డబ్బాకు వైరు సాకెట్ ఉంటే ఎలక్ట్రానిక్ విస్కస్ క్లచ్. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చెప్పినట్టు నడుస్తుంది. హబ్‌కు సన్నటి గాలి పైపు వస్తుంటే ఎయిర్ క్లచ్. దగ్గర్లోనే ఒక సోలెనాయిడ్ వాల్వ్ (కరెంటుతో గాలిని వదిలే, ఆపే వాల్వ్) కూడా ఉంటుంది. రేడియేటర్‌కు అంటుకుని మోటార్‌తో ఉంటే ఎలక్ట్రిక్ ఫ్యాన్, ఇది చిన్న బండ్లలో మామూలు.

బయట షెడ్డులో తర్వాత పెట్టించిన ఏసీ అయితే కండెన్సర్ ఎక్కడుందో కూడా చూడండి. క్యాబిన్ పైనో, వెనక గోడకో సొంత ఫ్యాన్‌లతో ఉంటే ఇంజిన్ ఫ్యాన్‌తో దానికి పని లేదు. రేడియేటర్ ముందే పెట్టి, ఈసీయూకు మాత్రం వైరు కలపకపోతే, ఏసీ ప్రెషర్ ఎంత పెరిగినా ఇంజిన్ ఫ్యాన్‌కు కబురు అందదు. కూలెంట్ వేడెక్కినప్పుడే అది తిరుగుతుంది.

2. అసలు ఇది లోపమేనా?

మే నెలలో బయట 42 డిగ్రీలు. బండి ఎండలో ఐడిల్‌లో నిలబడి ఉంది, ఏసీ ఫుల్లు. బాగున్న కండెన్సర్‌లో కూడా గ్యాస్ బయటి వేడి కంటే 15 నుంచి 20 డిగ్రీలు ఎక్కువలోనే ద్రవంగా మారుతుంది. అంటే దాదాపు 60 డిగ్రీలు. ఆర్-134ఏకు 60 డిగ్రీల దగ్గర ప్రెషర్ 15.8 బార్. ఫ్యాన్ ఆన్ హద్దు 15, 16 బార్ దగ్గర ఉన్న బండిలో ఇక ఫ్యాన్ ఆగే అవకాశమే లేదు, ఆగకూడదు కూడా. రెంటచింతల ఎండలో నిలబడిన బండి ఫ్యాన్ తిరుగుతూనే ఉందంటే క్లచ్ తన పని తాను చేస్తున్నట్టే.

ఇంకొన్ని మామూలు విషయాలు ఉన్నాయి. కొన్ని ఇంజిన్లలో ఏసీ ప్రెషర్ కారణంగా ఫ్యాన్ ఒకసారి పడితే, ప్రెషర్ తగ్గినా కొన్ని నిమిషాలపాటు ఆపకూడదని ఈసీయూలో టైమర్ ఉంటుంది. మాటిమాటికీ పట్టి వదిలితే క్లచ్ లైనింగ్ కాలిపోతుందని ఈ ఏర్పాటు. విస్కస్ క్లచ్ ఉన్న బండి రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేస్తే మొదటి ఒకటి రెండు నిమిషాలు హోరు వస్తుంది. లోపలి ఆయిల్ దిగి చేరినచోటే ఉండడం వల్ల అలా జరుగుతుంది. క్లచ్ వదిలేసిన స్థితిలో కూడా విస్కస్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. తిరగడాన్ని కాదు, హోరును చూడాలి. బీఎస్-6 బండ్లలో నిలబెట్టి డీపీఎఫ్ రీజెన్ (పొగ ఫిల్టర్‌లోని మసిని కాల్చడం) చేస్తుంటే ఏసీ ఆపినా ఫ్యాన్ హోరెత్తవచ్చు.

లోపం అనదగ్గవి ఇవి: పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏసీ వేసిన క్షణంలోనే ఫుల్ హోరు, లోడు లేకుండా చదును రోడ్డు మీద 60 దాటి పోతున్నా ఫ్యాన్ వదలకపోవడం, ఏసీ ఆపి ఐదారు నిమిషాలైనా అదే హోరు.

3. ఏసీ ఆపి చూడండి

ఇంజిన్ మామూలు వేడికి వచ్చాక ఏసీ బటన్ ఆపండి, బ్లోయర్ కూడా ఆపండి. టైమర్ ఉంటుంది కాబట్టి ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. ఎలక్ట్రానిక్ విస్కస్ అయితే ఆ సమయంలో ఇంజిన్‌ను 1200, 1500 ఆర్పీఎం దగ్గర ఉంచాలి. ఐడిల్‌లో దాని ఆయిల్ వెనక్కి వెళ్ళడానికి చాలాసేపు పడుతుంది.

హోరు తగ్గితే అడుగుతున్నది ఏసీయే. 5, 6, 7 మెట్లు చూడండి. తగ్గకపోతే ఏసీని వదిలేసి 4, 8 మెట్లకు వెళ్ళండి. ఏసీ వేసినప్పుడే హోరు గమనిస్తున్నాం కాబట్టి ఏసీ వల్లే అనుకోవడం డ్రైవర్లకు సహజం. ఈ ఒక్క పరీక్షతో ఆ అనుమానం తీరిపోతుంది.

4. స్కానర్‌లో ఏం చూడాలి

ముందు మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి: ఈసీయూ ఫ్యాన్‌కు ఇస్తున్న ఆజ్ఞ శాతం, ఫ్యాన్ నిజమైన వేగం, కూలెంట్ వేడి.

ఆజ్ఞ సున్నా, ఫ్యాన్ వేగం మాత్రం ఇంజిన్‌తో సమానంగా పెరుగుతోందంటే క్లచ్ పట్టేసింది. ఆజ్ఞ నూరు శాతం ఉంటే క్లచ్ అమాయకురాలు, ఆజ్ఞ ఎందుకు వచ్చిందో వెతకాలి.

జే1939 లైన్ (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైరు) ఉన్న పెద్ద బండ్లలో దీనికి సూటిగా జవాబిచ్చే అంకె ఒకటుంది: ఎస్పీఎన్ 977, ఫ్యాన్ డ్రైవ్ స్టేట్. ఫ్యాన్ ఎందుకు తిరుగుతోందో అదే చెబుతుంది. 0 అంటే ఆఫ్, 2 అంటే ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి వేడి, 4 కూలెంట్ వేడి, 7 డిఫాల్ట్, 9 డ్రైవర్ స్విచ్, 10 రిటార్డర్ (గేర్‌బాక్స్ దగ్గరి అదనపు బ్రేక్), 11 ఏసీ, 12 టైమర్, 13 ఇంజిన్ బ్రేక్. అన్ని కంపెనీలూ దీన్ని పంపవు. పంపితే మాత్రం సగం పని అక్కడికక్కడే అయిపోతుంది. 7 కనపడిందంటే ఏదో సెన్సార్ మాట ఈసీయూకు అందక, జాగ్రత్త కోసం ఫ్యాన్‌ని తిప్పేస్తోందని అనుమానించాలి. అప్పుడు ఫాల్ట్ కోడ్‌లు తీయండి. 647 ఫ్యాన్ క్లచ్ సర్క్యూట్‌ది, 110 కూలెంట్ వేడిది, 105 ఇన్‌టేక్ మానిఫోల్డ్ వేడిది.

కూలెంట్ సెన్సార్ నిజం చెబుతోందా అన్నది రాత్రి ఆగిన బండిలో పొద్దున్నే చూడండి. స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే కూలెంట్, ఇన్‌టేక్ గాలి, బయటి గాలి మూడూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. ఒకటి మాత్రం 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే దొంగ అదే.

5. గాలి దారి: ఎక్కువ బండ్లలో లోపం ఇక్కడే

ఏసీయే అడుగుతోందని తేలాక గేజ్‌ల జోలికి పోకుండా ముందు కండెన్సర్ చూడండి. గ్రిల్ వైపు నుంచి శుభ్రంగా కనపడడం ఏమీ లెక్కలోకి రాదు. కండెన్సర్‌కు, ఇంటర్‌కూలర్‌కు మధ్య సందులో టార్చి వేయండి. ఆదిలాబాద్, గుంటూరు వైపు పత్తి లోడ్లు తోలే బండ్లలో అక్కడ దూది పరుపులా పేరుకుని ఉంటుంది. మిర్యాలగూడ మిల్లుల చుట్టూ తిరిగే వాటిలో ఊక, తవుడు దుమ్ము. రామగుండం, కొత్తగూడెం బండ్లలో బొగ్గు పొడి మీద ఆయిల్ తడి. తాడిపత్రి, జగ్గయ్యపేట వైపు సిమెంట్.

శుభ్రం చేసే తీరులోనే చాలామంది పొరపాటు చేస్తారు. ప్రెషర్ వాషర్ తెచ్చి ముందు నుంచి కొడతారు. దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది, ఫిన్‌లు (కండెన్సర్ సన్న రేకులు) వంగిపోతాయి. ముందు పొడిగా, తక్కువ గాలితో, ఇంజిన్ వైపు నుంచి గ్రిల్ వైపుకు ఊదాలి. గన్ మూతి ఫిన్‌లకు నిటారుగా, అడుగు దూరంలో ఉండాలి. దుమ్ము రాలడం ఆగిపోయాకే నీళ్ళు, అవి కూడా మామూలు పైపుతో. సిమెంట్ దుమ్ము మీద ముందే నీళ్ళు పడితే అది గట్టిపడుతుంది, ఇక రాదు. కండెన్సర్ బోల్టులు తీసి, పైపులు విప్పకుండా, రెండు మూడంగుళాలు ముందుకు జరిపి మధ్య సందు శుభ్రం చేయగలిగితే ఫలితం చాలా బాగుంటుంది. ఆయిల్ జిడ్డు ఉంటే అల్యూమినియానికి హాని చేయని క్లీనర్ వాడండి. కాస్టిక్ కలిసింది ఫిన్‌లను తినేస్తుంది.

తర్వాత ష్రౌడ్, అంటే ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు. పగిలిందా, బోల్టులు ఊడాయా, అంచుల రబ్బరు పట్టీలు ఉన్నాయా? యాక్సిడెంట్ రిపేరు అయిన బండ్లలో ఈ పట్టీలు తిరిగి పెట్టరు. అప్పుడు ఫ్యాన్ ముందు నుంచి చల్లగాలి లాగకుండా, ఇంజిన్ దగ్గరి వేడిగాలినే పక్క సందుల్లోంచి తిప్పి తిప్పి లాగుతుంది. కండెన్సర్ శుభ్రంగా ఉన్నా ప్రెషర్ దిగదు. గ్రిల్ ముందు కట్టిన ఫ్లెక్సీలు, అదనపు లైట్లు, దోమతెరలు కూడా ఇదే పని చేస్తాయి. బెల్ట్ జారుతున్నా ఫ్యాన్ తిరిగినట్టే కనపడి గాలి మాత్రం తక్కువ వస్తుంది. టెన్షనర్ కూడా చూడండి.

6. గేజ్‌లు: ప్రెషర్ నిజంగానే ఎక్కువా, ఎందుకు ఎక్కువ?

గాలి దారి సరిగా ఉన్నా ఫ్యాన్ ఆగకపోతే గేజ్‌లు తగిలించండి. 1500 ఆర్పీఎం, ఏసీ ఫుల్లు, బయట 35 డిగ్రీలు ఉంటే లో సైడ్ (గ్యాస్ కంప్రెసర్‌లోకి తిరిగి వచ్చే వైపు) 1.5 నుంచి 2.5 బార్, హై సైడ్ 13 నుంచి 17 బార్ ఉండడం మామూలే.

హై సైడ్ 10, 11 బార్ మాత్రమే ఉండి ఫ్యాన్ హోరుమంటోందా? గ్యాస్ తప్పు కాదు. స్విచ్ గానీ వైరింగ్ గానీ అబద్ధం చెబుతోంది. నేరుగా 7వ మెట్టుకు వెళ్ళండి.

హై సైడ్ నిజంగానే 20 బార్ దాటి ఉంటే కారణాలు మూడు: కండెన్సర్‌కు గాలి చాలదు, గ్యాస్ ఎక్కువ పట్టించారు, లేదా గ్యాస్‌లో గాలి కలిసింది. వీటిని విడదీయడానికి ఈ లెక్క చేయండి. హై సైడ్ ప్రెషర్‌కు గేజ్ మీదే రాసి ఉండే ఉష్ణోగ్రత చూడండి. 20 బార్ అంటే ఆర్-134ఏకు సుమారు 70 డిగ్రీలు. ఇప్పుడు కండెన్సర్ నుంచి బయటికి వచ్చే సన్న పైపు వేడి కొలవండి. మెరిసే అల్యూమినియం మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ తప్పు అంకె చూపిస్తుంది, కాబట్టి పైపు మీద నల్ల టేపు ముక్క అతికించి దాని మీద కొలవాలి. పైపు 62, 64 డిగ్రీలు ఉంటే తేడా మామూలే, కండెన్సర్‌కు గాలి చాలడం లేదని అర్థం. పైపు 50 డిగ్రీలే ఉంటే, అంటే తేడా 15 దాటితే, గ్యాస్ ఎక్కువైందో గాలి కలిసిందో అయ్యుంటుంది.

ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి బండిని రాత్రంతా నీడలో ఆపండి. పొద్దున స్టార్ట్ చేయకముందే కండెన్సర్ దగ్గర గాలి వేడి, గేజ్ ప్రెషర్ రాసుకోండి. స్వచ్ఛమైన ఆర్-134ఏ అయితే అంకెలు ఇలా ఉండాలి:

25 డిగ్రీలకు 5.7 బార్ (82 పీఎస్ఐ)
30 డిగ్రీలకు 6.7 బార్ (97 పీఎస్ఐ)
35 డిగ్రీలకు 7.9 బార్ (114 పీఎస్ఐ)
40 డిగ్రీలకు 9.2 బార్ (133 పీఎస్ఐ)

30 డిగ్రీల దగ్గర 8 బార్ కనపడితే లోపల గాలి ఉంది, లేదా వేరే గ్యాస్ కలిపారు. వాక్యూమ్ సరిగా పట్టకుండా గ్యాస్ ఎక్కిస్తే వచ్చే ఫలితం ఇదే. అంకె సరిపోతే గాలి లేదు, గ్యాస్ ఎక్కువైందన్నమాట. ఈ పరీక్ష గ్యాస్ ఎంతుందో చెప్పదు. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నా అదే అంకె వస్తుంది.

ఏది తేలినా మందు ఒక్కటే: గ్యాస్ మొత్తం రికవరీ మెషీన్‌లోకి లాగి, కనీసం 30 నుంచి 45 నిమిషాలు వాక్యూమ్ పట్టి, మరో పదిహేను నిమిషాలు గేజ్ నిలబడుతుందో చూసి, స్టిక్కర్ మీద రాసిన గ్రాములు తూకం వేసి ఎక్కించడం. పైపు పట్టుకుని చల్లదనం చూసి పట్టించే అలవాటు ఎండాకాలంలో గ్యాస్ ఎక్కువయ్యేలా చేస్తుంది. సిస్టమ్ విప్పి చాలా రోజులు తెరిచి ఉంచితే డ్రయ్యర్ (గ్యాస్‌లోని తేమ పీల్చేది) కూడా మార్చాలి.

గేజ్‌లు ఉన్నప్పుడే చేయదగ్గ నీళ్ళ పరీక్ష ఒకటుంది. ప్రెషర్ ఎక్కువగా ఉన్నప్పుడు గ్రిల్ వైపు నుంచి కండెన్సర్ మీద సన్నగా నీళ్ళు చల్లండి. నీళ్ళు పడితే ఏ కారణానికైనా ప్రెషర్ కొంత దిగుతుంది. ధడాలున 5, 6 బార్ దిగి, నీళ్ళు ఆపగానే మళ్ళీ ఎక్కితే గాలి దారి మీదే అనుమానం బలపడుతుంది.

7. స్విచ్, వైరింగ్

స్విచ్‌కు నాలుగు వైర్లు ఉంటే సాధారణంగా రెండు కంప్రెసర్‌వి, రెండు ఫ్యాన్‌వి. మూడు వైర్లుంటే అది సెన్సార్: 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. రెండింటికీ ఒకే పరీక్ష పనికిరాదు.

స్విచ్ అయితే సాకెట్ తీసి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ పిన్నుల మధ్య కంటిన్యుటీ చూడండి. కొన్ని బండ్లలో మామూలుగా తెరిచి ఉండి ప్రెషర్ ఎక్కువైతే కలుస్తుంది. కొన్నిటిలో మామూలుగా కలిసి ఉండి ప్రెషర్ ఎక్కువైతే తెగుతుంది. రెండో రకంలో సాకెట్ పీకినా, వైరు తెగినా, పిన్ను తుప్పు పట్టినా ఫ్యాన్ ఫుల్లుగా తిరుగుతుంది. జాగ్రత్త కోసం అలా పెట్టారు. వైరింగ్ బొమ్మ చూడకుండా సాకెట్ పీకి, "ఫ్యాన్ ఆగలేదు కాబట్టి స్విచ్ బాగుంది" అనుకోవడం ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు.

సెన్సార్ అయితే సాకెట్ పీకకుండా వెనక నుంచి సూది పెట్టి వోల్టేజ్ చూడండి. సిగ్నల్ మామూలుగా 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య, ప్రెషర్‌తో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. సున్నా దగ్గరో, 5 వోల్టుల దగ్గరో కదలకుండా ఉంటే వైరు తెగిందో, షార్టయిందో, సెన్సార్ పోయిందో అయ్యుంటుంది. స్కానర్‌లో కనపడే ఏసీ ప్రెషర్‌ను గేజ్‌తో పోల్చండి. 2 బార్ కంటే ఎక్కువ తేడా ఉంటే సెన్సార్ నమ్మదగింది కాదు.

సాకెట్‌లో పచ్చటి తుప్పు, నీటి తడి, రబ్బరు సీలు ఊడిపోవడం, చాసిస్ అంచుకు రాసుకుని పొట్టు లేచిన వైరు... కంటితో ఇవన్నీ చూశాకే మీటర్ పట్టుకోండి. చాలా బండ్లలో స్విచ్ కింద వాల్వ్ ఉంటుంది కాబట్టి గ్యాస్ తీయకుండానే మార్చవచ్చు. కొన్నిటిలో ఉండదు, విప్పే ముందు కనుక్కోండి.

8. క్లచ్ పరీక్ష

మొదట చూడాల్సింది చిత్రంగా అనిపిస్తుంది: ఎవరైనా క్లచ్‌ను లాక్ చేసి వదిలేశారా? దారిలో క్లచ్ పోతే ఇంటికి చేరడానికి ఎయిర్ క్లచ్‌లో లాక్ బోల్టులు ఉంటాయి. విస్కస్ క్లచ్‌కు రంధ్రం చేసి బోల్టు వేసినవాళ్ళు, వెల్డింగ్ పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. సెకండ్ హ్యాండ్ బండి అయితే తప్పక చూడండి.

విస్కస్: ఇంజిన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడు చేత్తో తిప్పండి. కొద్దిగా బరువుగా తిరగాలి. అసలు కదలకపోతే పట్టేసింది. వదిలాక గిరగిరా తిరుగుతూ పోతే ఆయిల్ కారిపోయింది. డబ్బా చుట్టూ నల్లటి జిడ్డు గీతలు కూడా కనపడతాయి. రెక్క కొస పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే ఆరు మిల్లీమీటర్లు దాటి ఆడకూడదు, ఆడితే బేరింగ్ పోయినట్టే. ఎలక్ట్రానిక్ రకంలో చాలావాటికి వైరు తెగితే క్లచ్ పూర్తిగా పట్టేస్తుంది. కాబట్టి ఆజ్ఞ సున్నా ఉండి ఫ్యాన్ హోరెత్తుతుంటే క్లచ్‌ను తప్పుపట్టే ముందు సాకెట్ దగ్గర సప్లై చూడండి. పెద్ద బండిలో 24 వోల్టులు, చిన్నదానిలో 12.

ఎయిర్ క్లచ్: ఎక్కువ బండ్లలో స్ప్రింగ్ పట్టిస్తుంది, గాలి విడిపిస్తుంది. అంటే గాలి అందకపోతే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ట్యాంక్ ప్రెషర్ 6 బార్ దాటి ఉందో లేదో చూసి, ఇంజిన్ ఆపి, హబ్ దగ్గర చెవి పెట్టండి. బుస్సుమంటే సీలు పోయింది. సబ్బునీళ్ళతో పైపు కీళ్ళు, సోలెనాయిడ్ కూడా చూడండి. సందేహం తీరకపోతే హబ్‌కు వచ్చే పైపు విప్పి, షెడ్డు కంప్రెసర్ నుంచి 7 బార్ గాలి నేరుగా ఇవ్వండి. ఫ్యాన్ చేత్తో తేలిగ్గా తిరిగితే క్లచ్ బాగుంది, తప్పు సోలెనాయిడ్‌దో ఆజ్ఞదో. గాలి ఇచ్చినా తిరగకపోతే క్లచ్ విప్పాలి. గాలి సగం సగం అందే క్లచ్ అటు పట్టదు, ఇటు వదలదు. లైనింగ్ కాలిన వాసన, నీలి రంగు తేలిన ఇనుము అక్కడ సాక్ష్యం.

చిన్న బండ్లలో ఎలక్ట్రిక్ ఫ్యాన్

వీటిలో ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగడం చాలా మోడళ్ళలో డిజైన్ ప్రకారమే. ఏసీ ఆపినా, కీ తీసినా ఆగకపోతే రిలే పాయింట్లు అతుక్కున్నాయి. అదే నంబరున్న పక్క రిలేతో మార్చి చూడండి, రెండు నిమిషాల పని. తిరుగుతున్నా గాలి బలహీనంగా ఉంటే ఫ్యాన్ సాకెట్ దగ్గర, ఫ్యాన్ నడుస్తుండగా, వోల్టేజ్ కొలవండి. బ్యాటరీ కంటే అర వోల్టు దాటి తక్కువ ఉంటే వైరులోనో ఎర్త్‌లోనో నష్టం ఉంది. మోటార్ మార్చాక వైర్లు అటుఇటు అయితే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది; గ్రిల్ ముందు కాగితం పెడితే అతుక్కోవాలి, ఎగిరిపోతే తారుమారైనట్టే.

ఏసీ వేసినా ఫ్యాన్ అందుకోకపోతే

రోడ్డు మీద చల్లగా, ట్రాఫిక్‌లో వేడిగా వస్తుంది. కంప్రెసర్ టక్కుమని పడి, కాసేపటికి టక్కుమని వదిలేస్తుంది. హై సైడ్ 25 బార్ దాటుతున్నా ఫ్యాన్ కదలకపోతే ఏసీ వెంటనే ఆపేయండి. పై పరీక్షలే తలకిందులుగా పనికొస్తాయి: ఆజ్ఞ ఉందా, ఉంటే క్లచ్, లేకపోతే స్విచ్. గ్యాస్ తక్కువ ఉన్న బండిలో ప్రెషర్ హద్దు దాకా ఎక్కదు కాబట్టి ఫ్యాన్ పడకపోవడం సహజం, అక్కడ ఫ్యాన్‌లో వెతకకండి.

సరిచేశాక

ఎండలో నిలబెట్టి, తలుపులు తెరిచి, ఏసీ, బ్లోయర్ ఫుల్లు పెట్టి పది నిమిషాలు ఐడిల్‌లో, పది నిమిషాలు 1500 ఆర్పీఎంలో నడపండి. ఫ్యాన్ ఏ ప్రెషర్ దగ్గర పట్టింది, ఏ ప్రెషర్ దగ్గర వదిలింది రాసుకోండి. మాన్యువల్ అంకెతో ఒకటి రెండు బార్ తేడాలో ఉండాలి. తర్వాత లోడు లేకుండా హైవే మీద 60లో పది కిలోమీటర్లు. పెద్ద ఇంజిన్లలో ఈ ఫ్యాన్ ఫుల్ వేగంలో 30 హార్స్‌పవర్ దాటి తింటుంది, వేగం సగానికి పడితే తినేది ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే వదిలిన క్షణం డ్రైవర్‌కు యాక్సిలరేటర్ మీది కాలికే తెలుస్తుంది. చదును మీద 60లో కూడా వదలకపోతే గ్రిల్ తీసి, కండెన్సర్ వెనక సందులో మళ్ళీ టార్చి వేయండి.